విత్తనాల కేటలాగ్ ముందేసుకుని కూర్చుంటే టైమ్ తెలియట్లేదు, మీరూ ఇంతేనా?

కొత్తచిగురు | శనివారం, రాత్రి 11:20

నమస్కారం అండీ. ఇక్కడ చేరి రెండేళ్లయింది. చదవడమే తప్ప రాసింది తక్కువ. ఈ రోజు మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నా.

మధ్యాహ్నం విత్తనాల కేటలాగ్ వచ్చింది. ఫోన్‌లో ఎన్ని చూసినా, అచ్చయిన పుస్తకం చేతిలో పట్టుకుంటే ఆ ఆనందమే వేరు. ముందు టమాటా పేజీలు తెరిచాను. భుజాల దగ్గర నల్లగా, కిందికి వచ్చేసరికి ముదురు ఎరుపు తిరిగే రకం ఒకటి. పసుపు మీద ఎర్ర చారలది ఇంకోటి. పండినా పచ్చగానే ఉండే రకం కూడా ఉంది, "నొక్కి చూస్తేనే పండిందీ లేనిదీ తెలుస్తుంది" అని కింద రాశారు. ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. కళ్లు మూసుకుంటే పొద్దున్నే మంచు తడి ఆరకముందే మడి దగ్గర కూర్చుని, ఆ కాయని బొటనవేలితో మెల్లగా నొక్కి చూస్తున్నట్టే అనిపించింది. ఇంకా విత్తనం కూడా కొనలేదు!

రాత్రి అయ్యేసరికి పెన్సిల్‌తో టిక్కు పెట్టినవి 43 రకాలు. అందులో టమాటాలే 11. నాకున్న చోటేమో 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో అర్థం కావట్లేదు. మీరంతా ఎలా తేల్చుకుంటారు?

మట్టివాసన | శనివారం, రాత్రి 11:48

తమ్ముడూ, 43 ఏమంత ఎక్కువ కాదు. నేను మొదటి ఏడాది ఇంకా ఎక్కువే పెట్టాను.

నా పద్ధతి చెప్తాను. కేటలాగ్‌ని మూడుసార్లు చదువుతాను. మొదటిసారి పెన్సిల్ ముట్టుకోను. అది కేవలం సంతోషం కోసం. మొదటి పేజీ నుంచి చివరి దాకా, నేను ఎప్పటికీ పెంచలేని వాటితో సహా అన్నీ చదువుతాను. రెండోసారి టిక్కులు పెడతాను. మూడోసారి చదివేటప్పుడు నా విత్తనాల డబ్బా పక్కన ఉండాలి. ఇంట్లో ఉన్నదాన్నే మళ్లీ తెప్పించుకోవడం అందరికీ జరిగేదే, ఆ మూడోసారి చదివితే అది ఆగుతుంది.

పాత కేటలాగులు పారేయకు. వాటి అంచుల్లో నేను రాసుకున్నవే నాకు అసలైన పుస్తకం. "వానకి కాయ పగిలింది", "ఆలస్యంగా కాసింది కానీ చివరిదాకా కాసింది", "ఆకుమచ్చ రాలేదు" లాంటివి. పదేళ్ల తర్వాత చూస్తే ఏ ఏడు ఎలా గడిచిందో మొత్తం గుర్తొస్తుంది.

ఇంకో మాట. వర్ణనల్ని నిదానంగా చదవడం నేర్చుకో. "చాలా ఏపుగా పెరుగుతుంది" అన్నారంటే పక్క మొక్కల మీదకి పాకుతుందని అర్థం, దానికి రెట్టింపు చోటు వదలాలి. కాయ సైజు గురించి నాలుగు వాక్యాలు రాసి రుచి ఊసే ఎత్తలేదంటే, నేను ఆ రకం జోలికి వెళ్లను.

పందిరిగుంజ | ఆదివారం, ఉదయం 6:35

కొత్తచిగురు గారూ, ఏది తీసేయాలో మీరు తేల్చక్కర్లేదు, గ్రాఫ్ పేపరే తేలుస్తుంది. ఒక గడి 20 సెంటీమీటర్లు అనుకుని గీయండి.

మడి వెడల్పు 1.2 మీటర్లు దాటకూడదు. రెండు వైపుల నుంచీ చెయ్యి నడుమ దాకా అందాలి, మడిలో కాలు పెట్టే పని ఉండకూడదు. తొక్కిన మట్టి గట్టిపడి వేళ్లకి గాలి ఆడదు. మీ 3 మీటర్ల వెడల్పులో అలాంటివి రెండు మడులు, మధ్యలో 45 సెంటీమీటర్ల దారి పడతాయి. అంతకు మించి ఖాళీ మిగలదు.

ఇప్పుడు టమాటా లెక్క చూడండి. మొక్కకీ మొక్కకీ 60 సెంటీమీటర్ల ఎడం కావాలి. 4 మీటర్ల మడిలో వరసకి ఆరు, రెండు వరసలకి 12 మొక్కలు. అంటే ఒక మడి మొత్తం టమాటాకే రాసిచ్చినా, మీ 11 రకాలకి తలా ఒక మొక్క దక్కుతుంది. మూడు రకాలు ఎంచుకుని రెండేసి మొక్కలు పెట్టండి. ఒక మొక్క పోయినా రెండోది ఆ రకం సంగతి చెప్తుంది.

గీయడానికి ముందు ఒక రోజంతా ఎండని గమనించండి. రెండు గంటలకోసారి వెళ్లి నీడ ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ ఒక రాయి పెట్టండి. సాయంత్రానికి మీ తోట మ్యాప్ నేల మీదే తయారవుతుంది. నేను పదిహేనేళ్లు తోట చేశాక ఈ పని చేశాను. మిరప ఎందుకు సరిగ్గా కాయట్లేదో ఆ రాళ్లు చూస్తే గానీ తెలియలేదు. గోడ నీడ మధ్యాహ్నం రెండింటికే దాని మీద పడుతోంది.

బాల్కనీతీగ | ఆదివారం, ఉదయం 9:10

నాకు మడి లేదు, ఏడు కుండీలున్నాయి. అయినా కేటలాగ్‌లో గుమ్మడికాయల పేజీ వదలను. ఆరు మీటర్లు పాకే తీగకి నా దగ్గర చోటెక్కడిది? కానీ బూడిదరంగు నీలం తొక్క, లోపల ముదురు నారింజ కండ ఉన్న కాయ బొమ్మ చూస్తే రోజంతా మనసు బాగుంటుంది. చదవడానికి చోటు అక్కర్లేదు కదా.

కొనేటప్పుడు మాత్రం ముందు ఎండ చూసుకుంటాను. నా బాల్కనీకి నాలుగు గంటలే ఎండ. కాయలకి కనీసం ఆరు గంటలు ఉండాలి, ఆకుకూరలకి మూడు నాలుగు గంటలు చాలు. ఇది తెలిశాక ఆకుల పేజీలు నిదానంగా చదవడం మొదలుపెట్టాను. లెట్యూస్‌లో ఎన్ని రకాలో చూశారా? గుండ్రంగా ముడుచుకునేవి, ఓక్ చెట్టు ఆకులా అంచులు చీలినవి, పచ్చటి ఆకు మీద ఎర్ర రంగు చిలకరించినట్టు చుక్కలున్నవి. ఆ చుక్కలది పోయినేడు పెట్టాను. బొమ్మలో కన్నా కుండీలోనే అందంగా ఉంది.

కొత్తచిగురు | ఆదివారం, ఉదయం 10:25

అందరికీ థ్యాంక్స్. పందిరిగుంజ గారూ, రాళ్లు పెట్టడం మొదలుపెట్టాను, ఇప్పటికి రెండు పడ్డాయి.

ఒక డౌటు. నాకు నచ్చిన టమాటాకి "75 రోజులు" అని రాసుంది. పోయినేడు ఇలాగే 75 అని ఉన్నదాన్ని విత్తాను, మొదటి కాయ పండేసరికి 110 రోజులు దాటింది. విత్తనం మంచిది కాదనుకుని చాలా బాధపడ్డాను. ఈసారి కూడా అలాగే అవుతుందేమోనని టెన్షన్.

పందిరిగుంజ | ఆదివారం, ఉదయం 11:02

మీ విత్తనం మంచిదే. తప్పంతా ఆ అంకె కింద వివరం రాయకపోవడంలో ఉంది.

టమాటా, వంగ, మిరప లాంటి నారు పోసి నాటే మొక్కలకి చాలా కేటలాగుల్లో నాటిన రోజు నుంచి లెక్క. నారు ఎదగడానికి పట్టే ఐదారు వారాలు అందులో ఉండవు. 75కి ఆ 35, 40 రోజులు కలపండి, మీ 110 అక్కడే తేలిపోతుంది. బీన్స్, ముల్లంగి, క్యారెట్, కీరదోస లాంటి నేరుగా విత్తేవాటికి విత్తిన రోజు నుంచే లెక్క. పైగా ఆ అంకె మొదటి కాయకి, కాపు అంతటికీ కాదు. వాతావరణాన్ని బట్టి ఇటూ అటూ అవుతుంది. అందుకే నేను రోజుల్ని ఒక రకాన్ని ఇంకో రకంతో పోల్చడానికే వాడతాను. 60 రోజులది 80 రోజులదాని కన్నా ముందు కాస్తుంది, అంతవరకూ నమ్మొచ్చు.

పేరు పక్కన వి, ఎఫ్, ఎన్, టి అని అక్షరాలు కనిపిస్తాయి, వాటినీ చూడండి. వి అంటే వెర్టిసిలియం, ఎఫ్ అంటే ఫ్యుజేరియం, రెండూ మట్టిలోంచి వచ్చే వడలు తెగుళ్లు. ఎన్ అంటే వేళ్లకి బుడిపెలు తెప్పించే నులిపురుగులు. టి అంటే పొగాకు మొజాయిక్ వైరస్. ఆ అక్షరం ఉంటే దాన్ని తట్టుకునే రకమని అర్థం. పోయినేడు మీ మొక్క పీకినప్పుడు వేళ్ల మీద ముడులు కనిపించాయా? కనిపిస్తే ఈసారి ఎన్ ఉన్న రకమే తీసుకోండి.

"డిటర్మినేట్" అంటే పొద రకం. కొంత ఎత్తు పెరిగి ఆగిపోయి, కాపంతా దాదాపు ఒకేసారి ఇస్తుంది. "ఇన్‌డిటర్మినేట్" అంటే తీగలా పెరుగుతూనే, కాస్తూనే ఉంటుంది. దానికి రెండు మీటర్ల కర్ర ముందే పాతి పెట్టాలి.

చిట్టిదోసిలి | ఆదివారం, మధ్యాహ్నం 1:40

నేను ఈ మధ్యే మొదలుపెట్టానండీ. ఆన్‌లైన్‌లో నీలం గులాబీ విత్తనాలు చూశాను. రేకులు ఆకాశం రంగులో ఉన్నాయి, ఒక మొక్కకే ఏడు రంగుల పూలున్న బొమ్మ కూడా ఉంది. వంద విత్తనాల ప్యాకెట్. ఆర్డర్ చేయబోతూ ఈ చర్చ కనబడి ఆగాను. తెప్పించుకోవచ్చా?

మట్టివాసన | ఆదివారం, మధ్యాహ్నం 2:05

తెప్పించుకోకమ్మా. ఆగి అడిగావు, మంచి పని చేశావు.

గులాబీలో నీలానికి కావాల్సిన డెల్ఫినిడిన్ అనే రంగు పదార్థం సహజంగా తయారవదు. జపాన్‌లో శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి శ్రమపడి, వేరే పువ్వులోని జన్యువుని చేర్చి ఒక గులాబీని తీసుకొచ్చారు. 2009లో అమ్మకానికి పెట్టారు. అది కూడా లేత ఊదా రంగే, నువ్వు చూసిన ఆకాశం రంగు కాదు. ఏడు రంగులదైతే తెల్ల పువ్వు కాడని చీల్చి రంగు నీళ్లలో ముంచి చేస్తారు. అది విత్తనంలో ఉండే గుణం కాదు.

ఇంకా ముఖ్యమైన సంగతి, పేరున్న గులాబీ రకాల్ని విత్తనంతో పెంచరు. కొమ్మ కత్తిరించి గానీ, అంటు కట్టి గానీ పెంచుతారు. విత్తనం నుంచి వచ్చింది తల్లిలా ఉండదు.

నీలమే కావాలనుకుంటే శంఖుపువ్వు పెట్టుకో. అసలైన నీలం. గింజ పెంకు గట్టిది, ఒక చివర కొద్దిగా గీకి రాత్రంతా నీళ్లలో నానబెట్టు, తొందరగా మొలుస్తుంది.

విత్తులముల్లె | ఆదివారం, సాయంత్రం 4:30

కాస్త వేరే మాట చెప్తాను, ఎవరూ అనుకోవద్దు. కేటలాగ్ చదవడం నాకూ ఇష్టమే. కానీ ప్రతి ఏడూ అన్నీ కొత్తగా కొనడం ఇష్టం ఉండదు. మన తోటలో పండిన విత్తనం మన మట్టికి, మన ఎండకి ఏటేటా అలవాటు పడుతుంది. ఎంత మంచి కేటలాగైనా దాన్ని అమ్మలేదు.

ఏ విత్తు వేస్తే ఆ మొక్కే అంటాం కదా, ఎఫ్1 అని రాసున్నవాటికి ఆ మాట వర్తించదు. రెండు వేరువేరు తల్లిదండ్రుల్ని కలిపి చేసిన మొదటి తరం అది. అన్నీ ఒకేలా, ఏపుగా పెరుగుతాయి, నిజమే. దాని విత్తనం మొలుస్తుంది కూడా, మొలవదని చాలామంది పొరబడతారు. కానీ పిల్లలు తలో రకంగా వస్తాయి. విత్తనం దాచుకోవాలంటే "ఓపెన్ పాలినేటెడ్" (గింజ వేస్తే మళ్లీ తల్లిలాంటి మొక్కే వచ్చే రకం) అని గానీ "హెయిర్‌లూమ్" (తరతరాలుగా దాచుకుంటూ వచ్చిన పాత రకం) అని గానీ ఉన్నవి తీసుకోండి.

కొత్తవాళ్లు టమాటా, బీన్స్, బఠాణీ, లెట్యూస్‌తో మొదలుపెట్టొచ్చు. వీటి పువ్వు ఎక్కువగా తనలో తనే పరాగ సంపర్కం చేసుకుంటుంది, కాబట్టి రకం అంత తేలిగ్గా మారదు. గుమ్మడి, దోస జాతుల్లో తేనెటీగలు పుప్పొడి మోస్తాయి. ఒకే జాతి గుమ్మడికాయలు రెండు రకాలు పక్కపక్కన పెడితే ఆ ఏడాది కాయ మారదు గానీ, లోపలి గింజ కలిసిపోతుంది. దాని ఫలితం మరుసటి ఏడు కనిపిస్తుంది.

పాత ప్యాకెట్లు పారేసే ముందు పరీక్షించండి. పది గింజలు తడి టిష్యూలో చుట్టి, కవర్లో పెట్టి, వెచ్చగా ఉన్నచోట ఉంచండి. పదిలో ఏడు మొలిస్తే నిశ్చింతగా వాడొచ్చు. నాలుగే మొలిస్తే ఒత్తుగా చల్లండి. ఉల్లి గింజ ఏడాది, మహా అయితే రెండేళ్లు. బెండ రెండేళ్లు. టమాటా నాలుగైదేళ్లు, కీరదోస ఐదేళ్లు ఆగుతాయి. విత్తనానికి శత్రువులు తేమ, వేడి. తేమ ఒక శాతం తగ్గించినా, వేడి ఐదు డిగ్రీలు తగ్గించినా దాని ఆయుష్షు ఇంచుమించు రెట్టింపు అవుతుందని విత్తన శాస్త్రంలో ఒక సూత్రం ఉంది. అందుకే నార్వేలోని స్వాల్‌బార్డ్‌లో 2008లో తెరిచిన విత్తన నిధిలో మైనస్ 18 డిగ్రీల్లో దాస్తారు. మనకి గాలి చొరని సీసా, ఫ్రిజ్ చాలు. ముందు బాగా ఆరనివ్వాలి.

ఇజ్రాయెల్‌లోని మసాడా కోట తవ్వకాల్లో దొరికిన ఖర్జూరం గింజ సంగతి విన్నారా? దాదాపు 2000 ఏళ్ల నాటిది. 2005లో నాటితే మొలిచింది. పొడి నేల, పొడి గాలి దాన్ని అన్నాళ్లు కాపాడాయి. నా డబ్బాలో ఉల్లి గింజలేమో రెండో ఏడే చనిపోయాయి. రెండూ విత్తనాలే. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

తేనెటీగ | ఆదివారం, రాత్రి 8:15

అందరూ కూరగాయల గురించే రాస్తున్నారు, నేను పూల గురించి రాస్తాను.

మా అమ్మకి చూపు బాగా తగ్గింది. కేటలాగ్ చదవలేదు. కాబట్టి నేను పైకి చదువుతాను, తను వింటుంది. "జిన్నియా, ఎత్తు 90 సెంటీమీటర్లు, రేకులు దొంతరలు" అనగానే "వెనక వరసలో పెట్టు" అంటుంది. "కాస్మోస్, 120" అంటే "దానికీ వెనకే, కానీ మట్టిలో ఎరువు ఎక్కువ వేయకు, ఆకు పెరిగి పువ్వు తగ్గుతుంది" అంటుంది. తోట మొత్తం తన తలలో ఉంది. నేను కాగితం మీద ఎక్కిస్తాను, అంతే.

ప్యాకెట్లు వచ్చాక అమ్మ ఒక్కోటి చేతిలో పోయమంటుంది. నేను పేరు చెప్పకూడదు. బంతి గింజ సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఒక కొస గట్టిగా, రెండో కొస మెత్తని కుచ్చులా, చిన్న చీపురుపుల్లలా తగులుతుంది. తను వేళ్ల మధ్య ఒక్కసారి తిప్పి "బంతి" అంటుంది. క్యాలెండులా ముడుచుకున్న పురుగులా, వీపు మీద ముళ్లతో గరుగ్గా ఉంటుంది. చంద్రకాంత గుండ్రంగా మిరియం గింజలా, ముడతలు ముడతలుగా. జిన్నియా పల్చగా, బాణం మొనలా. పోయినేడు ఒక్కటే దొరకలేదు, పెటునియా. గ్రాముకి పదివేల గింజలు దాకా తూగే దుమ్ము అది. పూత పూసి గుళికలుగా అమ్మేవి ఉన్నాయి, ఈసారి అవి తెప్పించి అమ్మ చేతిలో పోస్తాను.

కేటలాగ్ ఎంత పని చేయించగలదో చెప్పే కథ ఒకటి. అమెరికాలో బర్పీ అనే విత్తనాల కంపెనీ 1954లో, నిజంగా తెల్లగా పూసే బంతి విత్తనం పంపినవాళ్లకి 10,000 డాలర్లు ఇస్తామని ప్రకటించింది. చివరికి ఆ బహుమతి 1975లో అయోవా రాష్ట్రంలో ఇంటి తోట చేసుకునే ఒకావిడకి దక్కింది. ఏటా అన్నిటికన్నా తెల్లగా పూసినవాటి గింజలే ఏరుకుంటూ, మళ్లీ నాటుకుంటూ వచ్చారు. ప్రకటించాక 21 ఏళ్లకి! అమ్మకి చదివి వినిపిస్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "తెల్లబంతి ఉందేమో చూడు" అంది. ఉంది. టిక్కు పెట్టాను.

బాల్కనీతీగ | ఆదివారం, రాత్రి 8:40

తేనెటీగ గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. శంఖుపువ్వు గింజ కూడా ఒకసారి చేతిలో పోయండి, ఏమంటారో వినాలని ఉంది.

కొత్తచిగురు | మంగళవారం, రాత్రి 9:55

రెండు రోజులు గ్రాఫ్ పేపర్ మీదే ఉన్నాను. నాలుగు కాగితాలు అయ్యాయి. రబ్బరు పొడి టేబుల్ నిండా ఉంది. ఇంత బాగా గడిచిన సాయంత్రాలు ఈ మధ్య లేవు.

43లో 14 మిగిలాయి. టమాటా మూడు రకాలు: పండినా పచ్చగా ఉండేది (అది తీసేయడం నా వల్ల కాలేదు), నల్ల భుజాలది, ఎన్ అక్షరమున్న పొద రకం ఒకటి. పోయినేటి మొక్క వేళ్లకి ముడులున్నాయని ఫోన్‌లో పాత ఫొటో చూశాక తెలిసింది. అందుకే టమాటాని ఆ మడిలోంచి రెండో మడికి మార్చాను. పాత మడిలో చుట్టూ బంతి.

క్యారెట్ మొలవడానికి రెండు మూడు వారాలు పడుతుందని చదివాను. అందుకని అదే గీతలో ముల్లంగి కలిపి విత్తుతున్నా. ముల్లంగి నాలుగైదు రోజుల్లో మొలిచి వరస ఎక్కడుందో చూపిస్తుంది, నెలలోపే చేతికొస్తుంది, ఆ చోటు క్యారెట్‌కి మిగులుతుంది. ఈ జోడీ కుదిరినప్పుడు లేచి ఇంట్లో అందరికీ చూపించాను.

ఊదా రంగు కాయల తీగ బీన్స్‌కి పందిరి మొదటి మడిలో ముందు వైపు, దాని వెనక లెట్యూస్, మిరప. రాళ్ల మ్యాప్ ప్రకారం అక్కడ ఏడు గంటలు ఎండ ఉంది. ఆర్డర్ పెట్టే ముందు ఎవరైనా ఒకసారి చూసి చెప్పగలరా?

పందిరిగుంజ | బుధవారం, ఉదయం 6:20

చాలా బాగా వేశారు. ముల్లంగి, క్యారెట్ జోడీ నేనూ పెడతాను.

ఒక్క మార్పు. మీరు చెప్పిన ముందు వైపు నుంచే ఎండ వస్తోంది కదా? రాళ్లు పెట్టిన రోజున అక్కడ పందిరి లేదు. రెండు మీటర్ల పందిరి నిండా ఆకు పట్టాక ఆ ఏడు గంటల ఎండ వెనకున్న మిరపకి దక్కదు. ఎత్తైనవాటిని ఎండ వచ్చే వైపు కాకుండా, అవతలి చివర పెట్టండి. లెట్యూస్‌ని మాత్రం పందిరి వెనక, దాని నీడలోనే ఉంచండి, ఎండ ముదిరితే చేదెక్కి పూతకొస్తుంది.

విత్తులముల్లె | బుధవారం, ఉదయం 7:45

లెట్యూస్ గింజని లోతుగా పూడ్చకండి. దానికి మొలవడానికి వెలుతురు కావాలి. తడి మట్టి మీద చల్లి అరచేత్తో అదిమితే చాలు. మిగతావాటికి గింజ మందానికి రెండు మూడింతల లోతు.

నల్ల భుజాల టమాటా ఓపెన్ పాలినేటెడ్ అయితే, ముందు పండిన మంచి కాయ ఒకటి విత్తనానికి వదలండి.

చిట్టిదోసిలి | బుధవారం, ఉదయం 8:30

శంఖుపువ్వు, జిన్నియా ఆర్డర్ పెట్టేశాను. గ్రాఫ్ పేపర్ కూడా కొన్నాను. నాది రెండు మీటర్ల గోడ వారే, అయినా గీస్తాను.

కొత్తచిగురు | బుధవారం, రాత్రి 10:10

పందిరి చివరకి వెళ్లింది. మిరప ముందుకి, లెట్యూస్ పందిరి నీడలోకి వచ్చాయి. అలా జరపగానే మిరప పక్కన 40 సెంటీమీటర్ల ఖాళీ తేలింది. గ్రాఫ్ పేపర్ మీద రెండు గడులు. తేనెటీగ గారూ, అందులో తెల్లబంతి రాశాను.